మైకులో చెప్పని మాట

కుప్పం పిల్లల ఆసుపత్రి నుంచి ఫోను వచ్చినప్పుడు నేను వాల్వు గుంతలో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఉన్నాను. పుంగనూరులో మంచినీళ్లు వదిలే పని నాది. ఏ వీధికి ఎప్పుడు నీళ్లు పోవాలో చూసి చక్రం తిప్పాలి, టైము కాగానే మళ్లీ కట్టేయాలి. ఫోనులో మాట్లాడింది ఆసుపత్రి కౌన్సిలరమ్మ. రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలకు వేరే వార్డు కట్టడానికి విరాళాలు కావాలని, మదనపల్లెలో ఒక ఆదివారం ఉదయం పరుగు పెడుతున్నారట. కాలేజీ పిల్లలు, ఉద్యోగులు ఐదు కిలోమీటర్లు పరిగెత్తుతారు. ఆ ఆసుపత్రిలో పిల్లలకు వైద్యం చేయించిన కుటుంబాలు వాళ్ల వెనక రెండు కిలోమీటర్లు నడుస్తాయి. అంతా అయ్యాక ఒక తండ్రి మాట్లాడాలి. ఈ జబ్బు గుర్తులు ముందే ఎలా కనిపెట్టాలో జనానికి నాలుగు మాటలు చెప్పాలి.

"మీరైతే బాగా చెప్తారని డాక్టరమ్మే అన్నారు" అందామె. మా పాప పోయిన తర్వాత, వార్డులో తల్లిదండ్రులు రాసి పెట్టే పుస్తకంలో నేను రాసిన రెండు పేజీలు వాళ్లందరూ చదివారట.

సరే అన్నాను. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. మా నాయన సదుం దగ్గర వేరుశనగ చేలల్లో కూలి చేసేవాడు. ఈ నీళ్ల పనిలో చేరాక నాకు చదువు దొరికింది. ట్యాంకు నిండేదాకా చేసేదేమీ ఉండదు. పంపుహౌసు గేటు దాటి రోడ్డు అడ్డంగా దాటితే శాఖా గ్రంథాలయం. మొదట పేపర్ల కోసం పోయాను. తర్వాత ఎడమ వైపు మొదటి బీరువా నుంచి మొదలుపెట్టి, వరసగా చదువుకుంటూ పోయాను. కథలు, చరిత్ర, చీడపీడలు, నక్షత్రాలు, మనిషి శరీరం. తెలియని మాట వస్తే నిఘంటువు దింపించుకుని చూసేవాణ్ణి. ఇరవై ఏళ్లలో గోడ చివరి బీరువా దాకా వచ్చాను. డిగ్రీ చేసినవాళ్లు కొందరు నా దగ్గరికొచ్చి సందేహాలు అడుగుతుంటే లోపల ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను.

మా వీధిలో ఏ కాగితం వచ్చినా ముందు నా దగ్గరికే వచ్చేది. బ్యాంకు నోటీసులు, పట్టా పుస్తకాలు, మందుల డబ్బాలో మడిచిపెట్టిన చీటీలు. అన్నిటికంటే ఎక్కువగా వచ్చేవి ల్యాబు రిపోర్టులు. డాక్టరుకు చూపించే ముందు నాకు చూపించడం మా వాళ్లకు ఒక అలవాటైపోయింది. నేను బాగుందంటే సగం మంది డాక్టరు దగ్గరికి పోయేవాళ్లే కాదు. పరుపులు కుట్టే సాయిబు ఒకాయన నెలకోసారి చక్కెర పరీక్ష కాగితం తెచ్చేవాడు.

"ఎంతుండాదో సూడప్పా. ఎక్కువుంటే మాత్రం మా ఇంట్లో అనొద్దు. చాయ్ బంద్ చేసేస్తాది" అనేవాడు.

నేను అంకెలు చూసి, పక్కన అచ్చేసిన మామూలు అంకెలతో పోల్చి చెప్పేవాణ్ణి. చాలాసార్లు నేను చెప్పిందే డాక్టరూ చెప్పేవాడు. దాంతో నాకు ధైర్యం పెరిగింది.

మా పాపకు ఎనిమిదేళ్లు. బడి లేని రోజు సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని నాతోపాటు వచ్చేది. నేను చక్రం తిప్పగానే వీధి చివరి కొళాయి దాకా పరిగెత్తి, నీళ్లు వస్తే చెయ్యి పైకెత్తి చూపించేది. ఆ ఏడు దసరా సెలవుల్లో ఒకరోజు చక్రం తిప్పి చూస్తే పాప కదల్లేదు. గట్టు మీద కూర్చుని, "నువ్వే పోయి సూడు నాయనా, నా కాళ్లు నొస్తాండాయి" అంది. జ్వరం వచ్చి పోతోంది. మొహం తెల్లగా పాలిపోయింది. మా వీధి మొగదల ఉన్న డాక్టరు చూసి రక్త పరీక్ష రాశాడు.

మరుసటి రోజు రిపోర్టు ఇచ్చేటప్పుడు ల్యాబులో ఆమె, వెంటనే డాక్టరుకు చూపించమంది. డాక్టరు బంధువుల పెళ్లికి పోయి ఉన్నాడు, రెండు రోజుల తర్వాత వస్తాడని కాంపౌండరు చెప్పాడు. నేను గ్రంథాలయం మెట్ల మీద కూర్చుని ఆ కాగితం విప్పాను.

హిమోగ్లోబిన్ తక్కువ. అది నాకు తెలిసిందే, మా వీధిలో ఆడపిల్లలందరికీ తక్కువే. ప్లేట్‌లెట్లు కొంచెం తగ్గాయి. విషజ్వరాల కాలంలో అదీ మామూలే. తెల్ల రక్త కణాలు మాత్రం ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉన్నాయి. ఆ అంకె చూసి నేను భయపడలేదు. సంతోషపడ్డాను. నేను చదివిన పిల్లల సైన్సు పుస్తకంలో తెల్ల కణాల బొమ్మ ఉండేది. ఒక్కొక్క కణం చేతిలో బల్లెం పట్టుకుని, కోట గోడ మీద కాపలా నిలబడి ఉంటుంది. అవి ఒంట్లో సైనికులని, జబ్బు క్రిములతో పోరాడతాయని రాసి ఉండేది. సైన్యం ఇంత పెద్దదైతే జ్వరం ఎన్నాళ్లుంటుంది అనుకున్నాను. పుస్తకంలో ఉన్నది తప్పు కాదు. నాకు తెలిసింది అంతవరకే అని నాకు తెలియలేదు.

ఇంటికి పోయి, భయపడాల్సిందేమీ లేదని మా ఆమెకు చెప్పాను. ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. పాపకు రక్తం పట్టడానికి మునగాకు, బెల్లం, రాగిజావ, ప్లేట్‌లెట్లకు బొప్పాయి ఆకు రసం ఇవ్వమన్నాను. నేను చెప్పిందల్లా తలూపుతూ విని, ఒకటే అడిగింది.

"డాక్టరేమన్నాడు?"

"అదే అన్నాడు" అన్నాను.

ఆ మాట ఎందుకన్నానా అని చాలాసార్లు తవ్వి చూసుకున్నాను. మోసం చేయాలని కాదు. రెండు రోజులాగి డాక్టరు చూసినా అదే అంటాడని అంత నమ్మకం. ఎలాగూ అనబోయే మాటను కాస్త ముందుగా చెప్తున్నాను అనుకున్నాను. డాక్టరు పెళ్లి నుంచి వచ్చేసరికి పాపకు జ్వరం తగ్గింది. ఇక ఆయన దగ్గరికి పోలేదు.

నలభై ఒక్క రోజులు గడిచాయి. ఒక ఉదయం బడిలో ప్రార్థన వరసలో నిలబడ్డప్పుడు పాప ముక్కులోంచి రక్తం కారడం మొదలై ఆగలేదు. మా ఆమె వంటగదిలోంచి చేతి పిండితో పరిగెత్తిందట. మదనపల్లెకు తీసుకుపోయాం. అక్కడివాళ్లు ఆ సాయంత్రమే కుప్పం పొమ్మన్నారు.

కుప్పంలో డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. ఎముకల లోపల మూలుగలో ఎదగని తెల్ల కణాలు లెక్కలేకుండా పుడుతున్నాయట. అవి దేనితోనూ పోరాడలేవట. మంచి కణాలకు చోటు లేకుండా చేయడం తప్ప వాటికి ఇంకే పనీ రాదట. నేను వింటున్నాను. బల్లెం పట్టుకున్న ఆ బొమ్మలు కోట గోడ మీద నుంచి ఒక్కొక్కటే కిందికి రాలుతున్నట్టు అనిపించింది.

"ఇంతకు ముందు రక్త పరీక్ష చేయించారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"చేయించాం. ఏమీ లేదన్నారు" అన్నాను. అన్నారు అని. కాగితం తెచ్చారా అంటే, ఎక్కడో పోయిందన్నాను.

ఏడు నెలలు. ఆ ఏడు నెలల గురించి ఇక్కడ రాయను. వార్డు పుస్తకంలో రాసిన రెండు పేజీల్లో రాశాను. నర్సమ్మల ఓర్పు గురించి, పాప మంచం పక్క కిటికీ గురించి. అందులో ప్రతి మాటా నిజం.

పాప పోయాక మా ఆమె ఆ డాక్టరును తిట్టడం మొదలుపెట్టింది. అతని క్లినిక్కు ముందు నుంచి బడికి పోవాల్సి వస్తే చుట్టు తిరిగి ఇంకో సందులోంచి పోయేది. కాగితం చూసి కూడా ఏమీ లేదన్నవాడని బావి దగ్గర, రేషను షాపు దగ్గర, కనిపించినవాళ్లందరికీ చెప్పేది. ఆ మాటతో కొందరు ఆయన దగ్గరికి పోవడం మానేశారని కూడా విన్నాను. ఒకసారి ఆయన నా సైకిలు ఆపి, పాప సంగతి తెలిసిందని, చాలా బాధగా ఉందని చెప్పి చెయ్యి పట్టుకున్నాడు. ఆయనకు ఆ రిపోర్టు తాను చూడలేదన్న సంగతి గుర్తుందో లేదో నాకు తెలియదు. నేను చెయ్యి వెనక్కి తీసుకుని, నీళ్ల టైమైందని వచ్చేశాను.

పరుగు కబురు చెప్పగానే మా ఆమె చాలా రోజుల తర్వాత కొంచెం ఉత్సాహంగా కనిపించింది. నేను మూడు వారాలు గ్రంథాలయంలో కూర్చుని ప్రసంగం తయారుచేశాను. రాత్రి అన్నం తింటూ ఆమె ఒక మాటంది.

"ఆ డాక్టరు పేరు మైకులో సెప్పాల నువ్వు. ఇంకో తల్లి మోసపోకుండా ఉండల్ల."

సభలో అలా పేర్లు చెప్పకూడదు, మర్యాద కాదు అన్నాను.

"మన పాపకు లేని మర్యాద వానికి యాల?" అంది. నేను తల వంచుకుని తిన్నాను.

ఆదివారం తెల్లవారుజాము బస్సుకు బయల్దేరి ఆరు గంటలకు మదనపల్లె కాలేజీ మైదానం చేరాం. అప్పటికే జనం నిండిపోయారు. అందరికీ టమోటా రంగు బనీన్లు ఇచ్చారు. మార్కెట్టు హమాలీలు ఇరవై మంది దాకా లుంగీలు పైకి కట్టి, ఉత్త కాళ్లతో వచ్చారు. బూట్లు వేసుకున్న ఉద్యోగులను చూసి, "సార్లు బండి కట్టుకోనొచ్చినారు, మేము నడిసే వస్తాము" అని నవ్వుకుంటున్నారు. జెండా ఊపాక వాళ్లే ముందు పోయారు. మా ఆమె చీర మీద ఆ బనీను తొడుక్కుని, ఛాతీ మీద నంబరు కాగితానికి నాలుగు పిన్నులూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంది. తిరుమల కొండకు పోయేటప్పుడు లాగా చెప్పులు విడిచిపెట్టి నడిచింది. చెప్పులు వేసుకోమంటే వినలేదు. పక్కన నడిచే తల్లులకు దారి పొడుగునా మా పాప సంగతి చెప్తోంది. ఆ చెప్పడంలో పుంగనూరు డాక్టరు రెండుసార్లు వచ్చాడు. నేను రెండడుగులు వెనక నడుస్తూ అన్నీ విన్నాను.

షామియానా కింద నేను పది నిమిషాలు మాట్లాడాను. బాగా మాట్లాడాను. విడవని జ్వరం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, కాళ్ల నొప్పులు, పాలిపోవడం, ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాను. రక్తం గురించి, మూలుగ గురించి ఎవరికైనా అర్థమయ్యేట్టు చెప్పాను. ఆలస్యం చేయకండి అన్నాను. ఎవరు ఆలస్యం చేశారో చెప్పలేదు. జనం చప్పట్లు కొట్టారు. మెట్లు దిగేటప్పుడు చూస్తే మా ఆమె కొంగుతో మొహం తుడుచుకుంటోంది. పక్కనున్న ఆమెతో, "పదోదే సదివినాడు. అంతా లైబ్రరీలోనే నేర్సుకున్నాడు" అని చెప్తోంది.

తర్వాత అందరికీ ఉప్మా పెట్టారు. మా ఆకుల్లో వడ్డించిన ఒక వంటమనిషి గిన్నె కింద పెట్టి, నడుము దగ్గర దోపుకున్న ప్లాస్టిక్ కవరు తీసింది. వాళ్లది తంబళ్లపల్లె దగ్గర పల్లెటూరట. ఆరేళ్ల కూతురికి పదిహేను రోజులుగా జ్వరమట. పిల్లను అవ్వ దగ్గర వదిలి పనికి వచ్చింది. కవర్లో రక్త పరీక్ష కాగితం ఉంది.

"అన్నా, నీ మాటలు విన్నా. దీన్ని రొంత సూసి సెప్పు. ఏమీ లేదంటే ఇంటికి పోతా. ఉండాదంటేనే డాక్టరు కాడికి పోతాము" అంది.

కాగితం విప్పాను. అవే వరసలు. అవే గళ్లు. తెల్ల కణాల అంకె పక్కన ఎక్కువ అని చెప్పే గుర్తు ఉంది. మామూలు జ్వరానికి కూడా ఎక్కువ కావచ్చు, ఇంకోటి కూడా కావచ్చు. మూడు వారాలు చదివిందంతా తల్లో ఉంది. అయినా ఆ అంకెకు అర్థమేమిటో నాకు తెలియలేదు. "నాకు ఇది చదవడం రాదమ్మా" అన్నాను.

ఆమె నవ్వింది. "ఇంతసేపూ మైకులో సెప్పింది నువ్వే గదన్నా."

"సూడు మరి" అంది మా ఆమె పక్కనుంచి. "మన వీధిలో అందరివీ సూస్తావు. పాపం, పనొదులుకోని యాడ తిరుగుతాది. సూసి సెప్పు."

ఆమె గొంతులో గర్వం ఉంది. నా మీద ఆమెకు మిగిలిన గర్వం అదొక్కటే. ఇప్పుడు నేను చూసి ఏమీ లేదంటే ఈ తల్లి ఇంటికి పోతుంది. డాక్టరుకే చూపించు అని ఊరికే అంటే, పని ముగించుకుని, బస్సెక్కి, రేపు చూద్దాం అనుకుంటుంది. మా వాళ్లు అట్లే అనుకుంటారు. నేను అట్లే అనుకున్నాను.

"మన పాప కాగితం డాక్టరు సూడలేదు మే" అన్నాను. "నేనే సూసినా. ఏమీ లేదని నేనే అన్నా."

మా ఆమె ఆకులో చెయ్యి అట్లే ఉండిపోయింది. వంటమనిషి నా మొహం చూసి, ఆమె మొహం చూసి, కాగితం నా చేతిలోంచి లాక్కుంది. నేను లేచి ఆమెను వెంటబెట్టుకుని వేదిక పక్కన కూర్చున్న డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. డాక్టరమ్మ అంకెలు చూసి, పిల్లను రేపే కుప్పం తీసుకురమ్మంది. ఆ పిల్లకు ఏమైందో నాకు తెలియదు. ఏమీ కాకుండా ఉండాలని ఇప్పటికీ కోరుకుంటాను.

తిరుగు బస్సులో మా ఆమె కిటికీ పక్క కూర్చుంది. బోయకొండ మలుపు దగ్గర, బయటికే చూస్తూ అడిగింది.

"ఎన్ని దినాలు?"

"నలభై ఒకటి."

"కుప్పంలో డాక్టరమ్మకు సెప్పినావా?"

"లేదు."

"కాగితం పోయిందని సెప్పితివి. నిజంగా పోయిందా?"

"పంపుహౌసులో ఉండాది."

చదవడంలో తప్పు చేశానన్నప్పుడు ఆమె మొహం అంత మారలేదు. కాగితం ఉందన్నప్పుడు మారింది. పుంగనూరు బస్టాండులో దిగగానే సోమల బస్సు కనబడింది. ఆమె పుట్టిల్లు అక్కడే. టమోటా రంగు బనీను, నంబరు కాగితం అలాగే ఉండగా ఆ బస్సెక్కి కూర్చుంది. నేను కిటికీ కింద నిలబడ్డాను. కండక్టరు వస్తారా అని నన్నడిగాడు. ఆమె, రారు, నాకొక్క టికెట్టే అని చెప్పింది.

ఐదో రోజు వచ్చింది. బడిలో పిల్లలకు వండేవాళ్లు లేరని హెడ్‌మాష్టరు ఫోను చేశాడట. ఇంటికి వచ్చే ముందు ఆ డాక్టరు క్లినిక్కుకు పోయింది. రోగులతోపాటు వరసలో కూర్చుని, తన వంతు వచ్చాక లోపలికి పోయి, ఆయన్ను తిట్టినందుకు క్షమించమని అడిగిందట. ఆ రోజు సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని ఈ సంగతి చెప్పింది.

"ఏమన్నాడు?" అన్నాను.

"ఆ కాగితం నేను చూడలేదని నాకు తెలుసమ్మా అన్నాడు."

అప్పుడు ఆ కాగితం తెచ్చిమ్మంది. తెచ్చి ఇచ్చాను. మడతల దగ్గర చిరిగింది. ఆమెకు చదవడం రాదు. అయినా చాలాసేపు చూసింది. ఆ తర్వాత బడికి సెలవొచ్చిన రోజు కుప్పం పోయింది, ఒక్కతే. నేనూ వస్తానంటే వద్దంది. డాక్టరమ్మకు ఆ కాగితం చూపించి ఒకే మాట అడగాలని పోయిందని నాకు తెలుసు. ఆ నలభై ఒక్క రోజుల ముందే తీసుకొచ్చి ఉంటే పాప బతికేదా అని. ఆ మాట నేను ఏడు నెలల్లో ఒక్కసారి కూడా అడగలేకపోయాను.

సాయంత్రం ఐదు గంటల బస్సుకు వస్తుందని బస్టాండులో నిలబడ్డాను. దిగింది. చేతి సంచీ అందుకోబోతే ఇచ్చింది. కొత్త వార్డుకు పునాదులు తవ్వారని చెప్పింది. మన నర్సమ్మకు మగపిల్లాడు పుట్టాడట. కిటికీ పక్క మంచంలో ఇప్పుడు పలమనేరు పిల్ల ఒకతె ఉందట, జుట్టు మళ్లీ మొలుస్తోందట. అన్నీ చెప్పింది. డాక్టరమ్మ ఏమన్నదో చెప్పలేదు.

సందు మలుపు దగ్గర నేను సైకిలు తోసుకుంటూ కొంచెం ఆమె పక్కకు వచ్చాను. ఆమె నా మొహం చూసింది. నేను ఎక్కడ అడుగుతానో అని నడక పెంచి, నాలుగడుగులు ముందు నడవసాగింది.